టికెట్టు, రసగుల్లా, మట్టి ముంత: కలకత్తా నగరపు రుచులు, వినోదాలు

కలకత్తా వెళ్లివచ్చే మనవాళ్లు రసగుల్లా డబ్బా లేకుండా రైలు దిగరు. ఇంటికి చేరగానే మూత తీసి, ఇరుగుపొరుగుకు కూడా తలా ఒకటి పెడతారు. ఆ ఉండలు ఎవరు చుట్టారు, పాలు ఎవరింటివి, పాకానికి నీళ్లు ఏ బావివి అని అడిగేవాళ్లు ఇవాళ అరుదు. రెండు వందల ఏళ్ల కిందట అవే మొదటి ప్రశ్నలు. అన్నం ఇంట్లో తినాలి, లేదా తమ కులంవాళ్ల పందిట్లో తినాలి. ఊరి జాతరలో ఆడే ఆట అందరిదీ కావచ్చు కాని, కచేరీలూ నాట్యాలూ జమీందారు చావడిలో పిలుపు అందినవాళ్లకే. చేతిలో చిల్లర ఉంటే చాలు, ఎవరైనా కొనుక్కు తినవచ్చు, కూర్చుని తాగవచ్చు, టికెట్టు తీసుకుని చూడవచ్చు అనే ఏర్పాటు మన దేశంలో కొన్ని నగరాల్లో, ఒకానొక కాలంలో కొత్తగా వచ్చింది. ఆ నగరాల్లో కలకత్తా ముఖ్యమైనది. 1911 దాకా అది బ్రిటిష్ ఇండియాకు రాజధాని. నలుమూలల నుంచి మనుషులు బతకడానికి వచ్చిన రేవు పట్టణం. వాళ్లలో చాలామందికి అక్కడ ఇల్లు గాని, వండిపెట్టే మనిషి గాని లేరు.

ఈ ప్రసంగంలో మనం ఆ నగరంలో ఒక సాయంకాలం తిరుగుదాం. ఉత్తరాన బాగ్‌బజార్‌లో మొదలుపెట్టి, దక్షిణంగా నడిచి, చివరకు నది ఒడ్డున మెటియాబురుజ్ చేరదాం. తింటూ, తాగుతూ, చూస్తూ వెళదాం. అయితే ప్రతి గుమ్మం దగ్గరా ఒక ప్రశ్న అడుగుదాం. డబ్బు ఈ తలుపు తెరిచింది సరే, ఎవరికి తెరిచింది? ఎవరిని బయటే నిలబెట్టింది? నగరం పేరు 2001 నుంచి అధికారికంగా కోల్‌కతా. మన కథ చాలావరకు అంతకు ముందుది కాబట్టి పాత పేరే వాడుతున్నాను.

బాగ్‌బజార్ అనగానే మిఠాయి గుర్తుకొస్తుంది. అంగట్లో అమ్మే తిండిలో మిఠాయికి ముందుగా చోటు దొరకడానికి కారణం ఉంది. నీళ్లలో వండిన అన్నం, పప్పు ఇతర కులాలవాళ్ల చేతి నుంచి తీసుకోరాదని ఆచారం. నేతిలో వేగినవి, పాలతో పంచదారతో చేసినవి అయితే ఆ పట్టింపు సడలేది. బెంగాల్‌లో మిఠాయి చేసేవాళ్లను మొయిరా అంటారు. వాళ్ల చేతి మిఠాయి బ్రాహ్మణులు కూడా తీసుకునేవారు. కాబట్టి నగరంలో భోజనం అమ్మే హోటళ్లు పెరగడానికి ఎంతో ముందే మిఠాయి దుకాణాలు నిలదొక్కుకున్నాయి.

అయితే ఆ మిఠాయిల్లో వాడే ఛానా, అంటే విరగ్గొట్టిన పాల ముద్ద, గురించి పండితుల మధ్య తగాదా ఉంది. మంచి పాలను పులుపు వేసి విరగ్గొట్టడం ఉత్తరాదిన అశుభమని భావించేవారనీ, హుగ్లీ తీరంలో స్థిరపడిన పోర్చుగీసువారి జున్ను చూశాకే బెంగాలీలకు ఆ సంకోచం పోయిందనీ ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ వాదించారు. విరిగిన పాలతో చేసే వంటకాలు మన పాత గ్రంథాల్లోనే ఉన్నాయని మరికొందరు అంటారు. ఏది నిజమైనా, ఛానాతో ఇన్ని రకాలు చేసి, దాన్ని ఒక నగరపు పరిశ్రమగా మార్చింది మాత్రం కలకత్తాయే.

నవీన్ చంద్ర దాస్ బాగ్‌బజార్‌లోని తన దుకాణంలో 1868లో మెత్తటి స్పాంజి రసగుల్లా తయారు చేశాడని బెంగాలీలు చెబుతారు. పూరీ జగన్నాథుడికి రథయాత్ర ముగింపు రోజున రసగుల్లా నివేదించే ఆచారం ఎంతో పాతదని ఒరియావాళ్లు చెబుతారు. ఈ తగాదా భౌగోళిక గుర్తింపు కార్యాలయం దాకా వెళ్లింది. 2017 నవంబరులో ‘బంగ్లార్ రొసొగొల్లా’కు, 2019 జులైలో ‘ఒడిశా రసగొలా’కు విడివిడిగా గుర్తింపు వచ్చింది. రెండూ ఒకటి కావు. ఒడిశాది కాస్త గోధుమరంగులో, నోట్లో వేస్తే కరిగేది. కలకత్తాది తెల్లగా, నొక్కితే మళ్లీ ఉబ్బేది. చరిత్ర విద్యార్థికి ‘ఎవరు ముందు’ అనే పోటీ కన్నా ఇంకో సంగతి ముఖ్యం. ఒకటి గుడిలో నైవేద్యం, రెండోది అంగట్లో సరుకు. పల్చటి పాకంలో ఉడికి, పాకంలోనే తేలే ఉండ సందేశ్ లాంటి పొడి మిఠాయి కన్నా ప్రయాణానికి తట్టుకుంటుంది. నవీన్ చంద్రుడి కొడుకు కృష్ణ చంద్ర దాస్ కాలంలో, 1930లో, దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించారు. అప్పటి నుంచే అది మన రైలుపెట్టెల్లోకి ఎక్కింది.

ఈ తెల్ల ఉండ ఒకసారి రాజకీయాల్లోకి కూడా వచ్చింది. 1965లో పశ్చిమ బెంగాల్‌లో తిండి కరువు తీవ్రంగా ఉండగా, ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వం ఛానా మిఠాయిల తయారీని నిషేధించింది. పాలు పసిపిల్లలకూ రోగులకూ అందాలా, లేక మిఠాయి కొట్లకు పోవాలా అన్నది ప్రభుత్వం లేవనెత్తిన ప్రశ్న. అది అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. కాని వేలాది మంది చేతివృత్తివాళ్ల పొయ్యిలు ఆరిపోయాయి. పాలు అమ్ముకునే పల్లెల్లో ఆ పాలకు గిరాకీ పడిపోయింది. బియ్యం దొరకనివాళ్లను అరటికాయ తినమని ఆ ముఖ్యమంత్రి ఇచ్చిన సలహా నగరంలో పెద్ద హాస్యమైంది. 1967 ఎన్నికల్లో ఆయన స్వయంగా ఓడిపోయారు. మిఠాయి ఒక్కటే ఓడించిందని అనలేం. 1959 ఆగస్టు 31న తిండి గింజల కోసం కలకత్తాకు తరలివచ్చిన ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడి ఎంతోమంది చనిపోయిన నాటి నుంచే ఆ ఓటమి తయారవుతూ వచ్చింది. ఈ నిషేధం దెబ్బతోనే దాస్ కుటుంబం వేరే రాష్ట్రం వైపు చూసి 1972లో బెంగళూరులో దుకాణం తెరిచింది. అక్కడ చదువుకున్న, ఉద్యోగం చేసిన మన తెలుగువాళ్లలో చాలామంది మొదటి అసలు రసగుల్లా తిన్నది ఆ దుకాణంలోనే.

1868లో ఇదే బాగ్‌బజార్‌లో ఇంకొకటి కూడా జరిగింది. కొందరు కుర్రాళ్లు కలిసి దీనబంధు మిత్ర రాసిన ‘సధబార్ ఏకాదశి’ నాటకం ఆడారు. అది తాగుబోతుల మీద రాసిన నాటకం. అప్పటికి ముప్పై నలభై ఏళ్లుగా ఇంగ్లీషు చదువుకున్న కలకత్తా యువకుల్లో కొందరికి మద్యం తాగడం సంస్కరణకు గుర్తుగా ఉండేది. నిషిద్ధమైనది నోట్లో పోసుకుంటే మూఢాచారం తెగిపోతుందని వాళ్ల నమ్మకం. మైకేల్ మధుసూదన్ దత్ కూడా ఈ వేషాల మీద ఒక ప్రహసనం రాశాడు. ఆయన తాగుడు సంగతి తెలిసినవాళ్లకు అది చదివితే నవ్వుతోపాటు జాలి కూడా కలుగుతుంది. 1863లో ప్యారీ చరణ్ సర్కార్ మద్యపాన నిరోధక సంఘం పెట్టాల్సి వచ్చింది. బాగ్‌బజార్ కుర్రాళ్ల నాటకంలో తాగుబోతు నిమ్‌చాంద్ వేషం వేసింది గిరీష్ చంద్ర ఘోష్. ఆ గుంపే నాలుగేళ్ల తరువాత బెంగాలీ నాటకాన్ని చావడిలోంచి వీధిలోకి తెచ్చింది.

టికెట్టు పెట్టి నాటకం ఆడడం కలకత్తాకు పూర్తిగా కొత్త కాదు. గెరాసిమ్ లెబెదెఫ్ అనే రష్యన్ సంగీతకారుడు 1795 నవంబరు 27న బెంగాలీ నటీనటులతో ఒక బెంగాలీ నాటకం ప్రదర్శించాడు. రెండు ఆటలతోనే అది ఆగిపోయింది. ఆ తరువాత డెబ్బై ఏళ్లకు పైగా బెంగాలీ నాటకం ధనికుల తోట బంగళాల్లోనే బతికింది. పైక్‌పాడా రాజులు బేల్‌గాఛియా తోటలో 1858లో ‘రత్నావళి’ ఆడించారు. ఖర్చు వాళ్లది, పిలుపు వాళ్లది, పేరూ వాళ్లదే.

1872 డిసెంబరు 7న చిత్పూర్ రోడ్డులో, మధుసూదన్ సన్యాల్ ఇంటి ప్రాంగణం అద్దెకు తీసుకుని, నేషనల్ థియేటర్ పేరుతో ‘నీల్ దర్పణ్’ ఆడారు. టికెట్టు కొన్న ఎవరైనా లోపలికి రావచ్చు. నీలిమందు తోటల దొరల దౌర్జన్యం మీద 1860లో వచ్చిన నాటకం అది. దాని ఇంగ్లీషు అనువాదం ప్రచురించినందుకు ఫాదర్ జేమ్స్ లాంగ్ 1861లో నెల రోజులు జైలుకు వెళ్లాడు. విచిత్రమేమిటంటే గిరీష్ ఘోష్ ఆ మొదటి రోజు వాళ్లతో లేడు. సరైన రంగస్థలం, సరంజామా లేకుండా ‘నేషనల్’ అని పేరు పెట్టుకుని జనం దగ్గర డబ్బు వసూలు చేయడం ఆయనకు నచ్చలేదు. తరువాత అదే వృత్తి రంగస్థలానికి ఆయన పెద్ద దిక్కయ్యాడు.

టికెట్టుతో వచ్చిన మార్పేమిటో ప్రభుత్వం త్వరగానే గ్రహించింది. పదిమంది పెద్దమనుషులు తోటలో చూసే నాటకం వేరు, అర్ధరూపాయి ఇచ్చి ముక్కూ మొహం తెలియని వందలమంది చూసే నాటకం వేరు. వేల్స్ యువరాజును తన ఇంటి అంతఃపురంలోకి పిలిచిన ఒక న్యాయవాదిని వెక్కిరిస్తూ 1876లో ఒక ప్రహసనం ఆడారు. ప్రభుత్వం వెంటనే అత్యవసర ఆదేశంతో ఆపించి, ఆ సంవత్సరంలోనే నాటక ప్రదర్శనల చట్టం చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు ఆ చట్టం మన పుస్తకాల్లో ఉండిపోయింది.

ఇక రెండో ప్రశ్న, రంగస్థలం మీద స్త్రీ. 1873లో బెంగాల్ థియేటర్ మధుసూదన్ దత్ సలహా మీద స్త్రీ పాత్రలకు స్త్రీలనే తీసుకుంది. కులీన కుటుంబాల నుంచి ఎవరూ రారు కాబట్టి వేశ్యావాటికల నుంచి తెచ్చారు. విద్యాసాగరుడి వంటి సంస్కర్త కూడా ఆ థియేటర్‌కు దూరం జరిగాడు. వితంతువుల కోసం అంతగా పోరాడిన మనిషికి ఈ గుమ్మం దాటడం కష్టమైంది.

అలా వచ్చినవాళ్లలో బినోదినీ దాసి ఒకరు. 1874లో, పన్నెండేళ్లు నిండీ నిండని వయసులో, ఒక చిన్న వేషంతో మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం బృందంతో లక్నో వెళ్లింది. అక్కడ ‘నీల్ దర్పణ్’లో రైతు దొరను కొట్టే ఘట్టం రాగానే ప్రేక్షకుల్లో ఉన్న తెల్ల సిపాయిలు రంగస్థలం మీదికి దూసుకొచ్చారని, తాము భయంతో వణికిపోయామని తన ఆత్మకథలో ఆమె రాసుకుంది. పన్నెండేళ్ల నట జీవితంలో ఎనభైకి పైగా పాత్రలు వేసింది.

1880ల మొదట్లో గిరీష్ బృందానికి సొంత థియేటర్ కావాల్సి వచ్చింది. గుర్ముఖ్ రాయ్ అనే యువ వ్యాపారి డబ్బు పెడతానన్నాడు. అతని షరతు బినోదిని. తన ఇష్టాయిష్టాలు పక్కన పెట్టి ఆమె ఒప్పుకుంది. థియేటర్‌కు ఆమె పేరు మీద ‘బి థియేటర్’ అని పేరు పెడతామని తోటివాళ్లు మాట ఇచ్చారు. రిజిస్టరు చేసి వచ్చాక చూస్తే పేరు ‘స్టార్’. వేశ్య పేరు బోర్డు మీద ఉంటే భద్రలోకులు రారని వాళ్ల లెక్క. 1883 జులై 21న బీడన్ స్ట్రీట్‌లో ‘దక్ష యజ్ఞం’తో తెర లేచింది. మరుసటి సంవత్సరం ‘చైతన్య లీల’లో చైతన్యుడి పాత్ర బినోదినిది. 1884 సెప్టెంబరు 21న రామకృష్ణ పరమహంస వచ్చి ఆ నాటకం చూసి ఆమెను ఆశీర్వదించారు. ఆ తరువాత నాటకశాలకు వెళ్లడం పాపం కాదని నగరంలో చాలామందికి అనిపించింది. థియేటర్‌కు గౌరవం దక్కింది. దాన్ని తెచ్చిపెట్టిన మనిషికి మాత్రం దక్కలేదు. 1887 నాటికి, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆమె రంగస్థలం వదిలేసింది. తరువాత కూతురిని బడిలో చేర్చాలని చూస్తే తల్లి ఎవరో తెలిసినవాళ్లు సాగనివ్వలేదు. ఆ పిల్ల చిన్నతనంలోనే పోయింది. 1912లో వచ్చిన ఆత్మకథలో ఆమె తన దుఃఖాన్ని దాచుకోలేదు, తనకు జరిగిన మోసాన్నీ దాచలేదు.

స్టార్ బృందం 1888లో హాతీబాగాన్‌లో కొత్త భవనం కట్టుకుంది. బీడన్ స్ట్రీట్ భవనం తరువాత కొత్త రోడ్డు కోసం కూలిపోయింది. హాతీబాగాన్ స్టార్ 1991లో కాలిపోయి, 2004లో మళ్లీ తెరుచుకుంది. 2024 డిసెంబరు 30న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ దానికి బినోదినీ థియేటర్ అని పేరు మారుస్తున్నట్టు ప్రకటించారు. మాట ఇచ్చిన నూట నలభై ఒక్క ఏళ్లకు పేరు వచ్చింది. కాని ఆ పేరు పెట్టిన భవనంలో బినోదిని ఒక్కసారి కూడా నటించలేదు. అది కట్టేనాటికే ఆమె తప్పుకుంది. ఈ చిన్న తేడా పత్రికల్లో పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

నాటకం వెనకే సినిమా వచ్చింది. పార్సీ వ్యాపారి జంషెడ్‌జీ ఫ్రాంజీ మదన్ మొదట గుడారాల్లో బొమ్మలు చూపించి, 1907లో ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ స్థాపించాడు. మన తెలుగు సినిమాకు కూడా ఈ నగరంతో బాకీ ఉంది. సి. పుల్లయ్య తీసిన ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) రెండూ కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ నిర్మించినవే. మన పల్లెల జనం బండ్లు కట్టుకుని వెళ్లి చూసిన సీతమ్మ కన్నీళ్లు హుగ్లీ ఒడ్డున చిత్రించినవి.

హాతీబాగాన్ నుంచి దక్షిణంగా నడిస్తే కాలేజీ స్ట్రీట్ వస్తుంది. దారిలో దాహం వేస్తే చౌరస్తాలో టీ తాగవచ్చు. ఇక్కడ టీ మట్టి ముంతలో ఇస్తారు. ఆ ముంతను బెంగాలీలు భాఁడ్ అంటారు. మన ‘భాండం’ అనే మాటకు తోబుట్టువు. తాగి పారేస్తే మట్టిలో కలిసిపోతుందని ఇవాళ పర్యావరణం పేరుతో దాన్ని మెచ్చుకుంటాం. ఒకరు తాగిన పాత్రలో ఇంకొకరు తాగకుండా ఉండడం దాని పాత ప్రయోజనం. ఒకే కెటిల్‌లోని టీ అన్ని కులాలవాళ్లూ తాగడానికి వీలు కల్పించిన ఉపాయం అది. రైల్వే స్టేషన్లలో 1940ల దాకా హిందూ టీ, ముస్లిం టీ అని వేర్వేరుగా అమ్మేవారు. రైలు బండి ఒకటే, పట్టాలు ఒకటే, టీ మాత్రం రెండు.

అసలు టీ బెంగాలీల పాత అలవాటు కూడా కాదు. అస్సాం, డార్జిలింగ్ తోటల టీ కలకత్తా వేలంశాలల మీదుగా లండన్ వెళ్లేది. ఇక్కడివాళ్లకు తాగడం నేర్పించాలని 1903లో వేసిన టీ సెస్సు డబ్బుతో ప్రచారం మొదలైంది. 1930ల మాంద్యంలో ఎగుమతులు తగ్గాక అది ఉద్ధృతమైంది. ఉచితంగా కప్పులు పంచారు, ఎలా కాచాలో గోడల మీద బొమ్మలు వేశారు. రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. టీ తాగడం విషం తాగడమేనని రాశారు. ఆయన ఓడిపోయారని వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆయన గెలిచిన చోటు ఒకటి కాలేజీ స్క్వేర్ పక్కనే ఉంది. 1918 నాటి పారమౌంట్ షర్బత్ దుకాణంలో లేత కొబ్బరి నీళ్లు, కొబ్బరి మీగడతో చేసే షర్బత్ ఆయన చెప్పిన పద్ధతిలోదేనని దుకాణంవాళ్లు గర్వంగా చెబుతారు. స్వాతంత్ర్య పోరాటకాలంలో విప్లవకారులు కలుసుకునే చోటు కూడా అదేనట.

రోడ్డు దాటితే కాఫీ హౌస్. 1876లో ఆల్బర్ట్ హాల్‌గా మొదలైన ఆ భవనంలో 1942లో కాఫీ ప్రచారం కోసం కాఫీ దుకాణం పెట్టారు. తరువాత ఇది పనివాళ్ల సహకార సంఘం చేతికి వచ్చింది. తలపాగా పెట్టుకున్న సర్వరు, పాలు లేని ‘ఇన్‌ఫ్యూజన్’ కాఫీ, ఒక కప్పుతో మూడు గంటల కబుర్లు. ఈ కబుర్లనే బెంగాలీలు అడ్డా అంటారు. దీని మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. నా ఉద్దేశంలో దీన్ని అవసరానికి మించి పొగిడారు. ఇంట్లో వంట, పిల్లలు ఇంకెవరో చూసుకుంటూ ఉంటేనే మూడు గంటల అడ్డా సాధ్యమవుతుంది. చాలా దశాబ్దాల పాటు ఆ బల్లల దగ్గర స్త్రీలు ఎంత తక్కువగా కనిపించారో తలచుకుంటే ఈ మాట అర్థమవుతుంది.

నాకు కాఫీ హౌస్ కన్నా దాని పక్క సందుల్లోని ‘పైస్ హోటళ్లు’ ఎక్కువ చరిత్ర చెబుతాయనిపిస్తుంది. పల్లెల నుంచి వచ్చి మెస్సుల్లో ఉండే గుమాస్తాల కోసం, విద్యార్థుల కోసం పుట్టిన భోజనశాలలివి. అన్నానికి ఇంత, పప్పుకు ఇంత, చేప ముక్కకు ఇంత, అరిటాకుకు కూడా ఇంత అని విడివిడిగా లెక్క. జేబులో ఉన్నంతే తినవచ్చు. వీటిలో చాలావాటి బోర్డు మీద ‘హిందూ హోటల్’ అని ఉండేది. మన ఊళ్లలో ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ ఉన్నట్టే. అంటే డబ్బుతో పాటు ఇంకో అర్హత కూడా అడిగేవారన్నమాట. కాలేజీ స్ట్రీట్ దగ్గర 1927లో మొదలైన అలాంటి హోటల్ ఒకటి స్వాతంత్ర్యం వచ్చాక ‘స్వాధీన్ భారత్ హిందూ హోటల్’ అయింది. ‘స్వాధీన్ భారత్’ అంటే స్వతంత్ర భారతం. పాత మాట తీసేయకుండా కొత్త మాట ముందు చేర్చారు.

ఈ వీధుల్లోనే 1943లో జరిగింది కూడా చెప్పుకోవాలి. యుద్ధకాలపు ధరలు, ప్రభుత్వ నిర్లక్ష్యం, ధాన్యం దాచివేత కలిసి బెంగాల్ పల్లెలను మాడ్చాయి. చనిపోయినవాళ్లు పదిహేను లక్షలని విచారణ సంఘం చెప్పింది. తరువాతి అంచనాలు ముప్పై లక్షల దాకా వెళ్లాయి. వరి పండించిన రైతులూ కూలీలూ అన్నం కోసం కలకత్తాకు నడిచి వచ్చారు. నగరంలో బియ్యం లేక కాదు. యుద్ధ పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకు ముందుగా అందించే ఏర్పాటు ఉంది, హోటళ్లు నడుస్తూనే ఉన్నాయి, మిఠాయి కొట్ల అద్దాల వెనక సందేశ్‌లు ఉన్నాయి. బయటివాళ్ల చేతిలో డబ్బు లేదు, అంతే. కొంతకాలానికి వాళ్లు అన్నం అడగడం మానేశారు. ‘ఫ్యాన్ దావ్’, గంజి పోయండి, అని అరిచేవారు. మెతుకు అడిగితే దొరకదని తెలిసి, వార్చి పారబోసే నీళ్లే అడిగారు. తిండి కొట్ల ముందే చనిపోయారు. తిండి లేకపోవడం వేరు, కొనే శక్తి లేకపోవడం వేరు అని 1981లో అమర్త్య సేన్ వివరించినప్పుడు ఆయన ముందున్న ముఖ్యమైన ఉదాహరణల్లో ఇది ఒకటి.

1944 అక్టోబరులో బిజన్ భట్టాచార్య రాసిన ‘నబాన్న’ను ప్రజానాట్య సంఘం శ్రీరంగం థియేటర్‌లో ప్రదర్శించింది. లోపల పెళ్లి విందు జరుగుతుంటే, బయట చెత్తకుండీ దగ్గర ఎంగిలాకుల కోసం మనిషీ కుక్కా కొట్టుకునే దృశ్యం అందులో ఉంది. కొద్ది నెలల కిందట అదే దృశ్యాన్ని దాటుకుంటూ నడిచినవాళ్లు టికెట్టు కొనుక్కుని కూర్చుని చూశారు.

కాలేజీ స్ట్రీట్ దాటి నగరం నడిబొడ్డుకు వస్తే భాషలు మారతాయి, వాసనలు మారతాయి. టిరెట్టా బజార్‌లో తెల్లవారుజామున చైనీయుల ఫలహారం దొరుకుతుంది. అక్కడి కుటుంబాల్లో పాతవి పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. 1962 యుద్ధంలో సుమారు మూడు వేల మంది చైనా మూలాల భారతీయులను రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. విడుదలై వచ్చేసరికి చాలామందికి ఇల్లూ వ్యాపారమూ మిగల్లేదు. టాంగ్రాలో హక్కా చైనీయులు తోళ్ల శుద్ధి చేసేవారు. 1996లో సుప్రీంకోర్టు ఆ పరిశ్రమను ఊరి బయటకు పంపాక అక్కడి షెడ్లలో కొన్ని హోటళ్లయ్యాయి. మన ప్రతి ఊళ్లో తోపుడు బండి మీద దొరికే ‘మంచూరియా’, నూడుల్స్ ఈ మనుషుల చేతి రుచికి దూరపు చుట్టాలు. న్యూ మార్కెట్లో 1902 నాటి నహూమ్ బేకరీ యూదులది. నగరంలో యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. క్రిస్మస్ ముందు రోజుల్లో ముస్లిం పనివాళ్లు కాల్చిన యూదుల కేకు కోసం హిందువులూ క్రైస్తవులూ వీధి మలుపు దాకా వరసలో నిలబడతారు.

చివరికి మెటియాబురుజ్. అవధ్ నవాబు వాజిద్ అలీ షాను 1856లో ఈస్టిండియా కంపెనీ గద్దె దించింది. ఆయన ఆ ఏడాదే కలకత్తా వచ్చాడు, ఇక వెనక్కి వెళ్లలేదు. నది ఒడ్డున చిన్న లక్నోను కట్టుకున్నాడు. వంటవాళ్లు, గాయకులు, కథక్ గురువులు, దర్జీలు, గాలిపటాలు చేసేవాళ్లు వెంట వచ్చారు. ఠుమ్రీ కలకత్తా ధనికుల ఇళ్లకు చేరింది ఈ దారినే. తరువాతి తరంలో గౌహర్ జాన్ ఆ బాణీలు నేర్చుకుని, 1902లో ఒక కలకత్తా హోటల్ గదిలో గ్రామఫోన్ కంపెనీవాళ్ల ముందు పాడి, పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పింది. చావడిలో కొందరికే వినిపించిన గొంతు రికార్డు కొన్నవాళ్ల ఇంటికల్లా వెళ్లింది. బినోదినికి బోర్డు మీద దక్కని పేరును ఈమె రికార్డులో తానే చెక్కుకుంది.

కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప ఉంటుంది. మన హైదరాబాదీలు దీన్ని చూసి నవ్వుతారు. పేదవాడైన నవాబు మాంసం కొనలేక దుంప వేయించాడని అందరూ చెప్పే కథ. నాకది నమ్మబుద్ధి కాదు. ఆయన భరణం నెలకు లక్ష రూపాయలు. పులులనూ పక్షులనూ పాములనూ పెంచే జంతుశాల నడిపినవాడికి వంటింట్లో మాంసానికి కరువేమిటి? బంగాళాదుంప ఆనాటికి అవధ్ వంటశాలకు కొత్త సరుకు. కొత్తదాని మీద మోజుతో వేసి ఉంటారు. తరువాత ఆ వంటవాళ్ల పిల్లలు వీధిలో కొట్లు పెట్టుకుని సామాన్యుడికి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, మాంసం తగ్గించి దుంప నిలుపుకోవడం లెక్కకు కలిసొచ్చి ఉంటుంది. వంటకం రాజుగారిదే, కొలత మాత్రం వీధిది. ఇప్పుడు దుంప లేకుండా వడ్డిస్తే కలకత్తావాడు ఊరుకోడు.

1887లో నవాబు పోయాక ప్రభుత్వం ఆ మేడలను, తోటలను, జంతుశాలను అమ్మేసి, చాలావరకు కూల్చేసింది. ఆ నేలలో కొంత ఓడరేవు కిందికి, కొంత ఫ్యాక్టరీల కిందికి పోయింది. వేలమంది పరివారం ఒక్కసారిగా వీధిన పడింది. వాళ్లలో దర్జీలు కుట్టు మిషన్లు పట్టారు. ఇవాళ మెటియాబురుజ్ తయారు దుస్తులకు పెద్ద సంత. నవాబు 1864లో కట్టించిన సిబ్‌తైనాబాద్ ఇమాంబారా ఇంకా నిలిచి ఉంది. ఆయన సమాధి అందులోనే. అక్కడి నుంచి బయటికొస్తే బట్టల మూటలు మోసే రిక్షాల మధ్య, ఎర్రగుడ్డ చుట్టిన పెద్ద బిర్యానీ హండీలు కనిపిస్తాయి. ప్లేటు ధర పలక మీద రాసి ఉంటుంది.